ఇది తుపాకి

ప్రజా వినియోగదారుల సహకార సమాఖ్య వారి నల్లరాళ్లపేట సూపర్ బజారులోకి, అది తెరిచిన పంతొమ్మిదేళ్లలో, తుపాకి పట్టుకొని ఒక్కరూ రాలేదు. గొడుగులతో వచ్చారు. పొలం నుంచి నేరుగా కొడవళ్లతో వచ్చారు. ఒకాయన చంకలో మేకపిల్లతో వచ్చి ఉప్పు కొనుక్కొని వెళ్లాడు. తుపాకితో మాత్రం ఎవరూ రాలేదు. అయినా ఆ ఏడాది ఫిబ్రవరిలో, సూపర్ బజార్లలోకి తుపాకులు తేవడాన్ని నిషేధిస్తూ రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

దానికి కారణం లేకపోలేదు. సమాఖ్య జనరల్ మేనేజరు చిదానందరావు గారు చిల్లర వ్యాపారంలో మెలకువలు అధ్యయనం చేయడానికి ఒక దూరదేశం వెళ్లి వచ్చారు. అక్కడ జనం పాల ప్యాకెట్ కొనడానికి కూడా నడుముకు తుపాకి పెట్టుకొని వస్తారట. అందుకని కొన్ని అంగళ్ల తలుపుల మీద తుపాకి బొమ్మ వేసి, దాని మీద ఎర్రగీత కొట్టి ఉంచుతారట. పన్నెండు రోజులు తిరిగి ఆయన పట్టుకొచ్చిన మెలకువ ఆ ఎర్రగీత ఒక్కటే. ఇంత ముందుచూపు మన దేశంలో లేకపోయిందే అని విమానంలోనే బాధపడి, దిగీ దిగగానే సర్క్యులర్ రాయించారు.

ప్రతి శాఖ ముందూ నిషేధపు బోర్డు పెట్టాలి. తుపాకితో వచ్చినవారిని గుమ్మం దగ్గరే ఆపి, దాన్ని సంచుల కౌంటర్లో తీసుకొని, టోకెన్ ఇవ్వాలి. రిజిస్టరులో రాయాలి. నెలాఖరుకు ఎన్ని తుపాకులు ఆపారో రిటర్ను పంపాలి. ఇలా పదకొండు క్లాజులు. తొమ్మిదో క్లాజు కింద గీత గీసి ఉంది: 'ఎంతటివారికైనను మినహాయింపు లేదు.'

ఈ సర్క్యులర్ అందుకున్న ఓబులేసు ఆ బజారుకు ఇన్‌చార్జి మేనేజరు. పదకొండేళ్ల కిందట పాత మేనేజరు రిటైరైనప్పుడు, కొత్తాయన వచ్చేదాకా కాస్త చూసుకోమని, సీనియర్ సేల్స్‌మన్‌గా ఉన్న ఓబులేసును ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్తాయన రాలేదు. ఓబులేసు లేవలేదు. పేరు వెనక 'ఇన్‌చార్జి' కూడా పోలేదు. ఇంటి గేటు మీద ఒకసారి ముచ్చటపడి 'సి. ఓబులేసు, మేనేజరు' అని పలక పెట్టించుకుంటే, ఎవరో కిట్టనివాళ్లు రాజధానికి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. పై నుంచి సంజాయిషీ అడిగితే, పెయింటర్ మస్తాన్‌ను పిలిచి పక్కన 'ఇ/చా' అని ఇరికించుకోవలసి వచ్చింది.

"పదకొండేండ్లు ఇన్‌చార్జి. ఇంగ నేను గూడా నీకు ఇన్‌చార్జి పెండ్లామేనేమో కనుక్కో పై వాళ్లను" అంటుంది ఆయన భార్య సుంకులమ్మ. ఆమె నవ్వుతూ అన్నా, ఓబులేసుకు అన్నం సహించదు. బతుకులో ఇంకేమీ వద్దు, ఆ రెండక్షరాలు పోతే చాలని ఆయన కోరిక. ఈ ఏడాది ఖాళీలన్నీ నింపుతారని గట్టిగా వినబడుతోంది కాబట్టి, సర్క్యులర్‌ను కళ్లకద్దుకొని మస్తాన్‌కు కబురు పెట్టాడు.

మస్తాన్ బోర్డులు రాయడంలో ఆ చుట్టుపక్కల చెయ్యి తిరిగినవాడు. ఎరువుల అంగడికి వేరుశనగ చెట్టు, పళ్ల డాక్టరుకు పన్ను, ఏదైనా గీసేవాడు. తుపాకి మాత్రం ఎన్నడూ గీయలేదు. పొద్దంతా కూర్చొని గీశాడు. సాయంత్రానికి ఎర్రగీత కొట్టి తగిలించాడు. ఓబులేసు కాస్త దూరం జరిగి చూశాడు. అది అచ్చం నీళ్ల కొళాయిలా ఉంది.

నల్లరాళ్లపేటలో కొళాయికి నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయి. మర్నాడు పొద్దున ఆ దారిన బిందెలతో పోయే ఆడవాళ్లు బోర్డు చూసి, ఈ వారం నీళ్లు బందు అని మునిసిపాలిటీని తిట్టుకుంటూ వెనక్కి తిరిగారు. గంటలో ఊరంతా పాకింది. ఓబులేసు పరుగున వెళ్లి మస్తాన్‌ను పిలుచుకొచ్చాడు.

"దీన్ని సరిచేస్తే ఇంగా చెడుతుంది సార్. కింద పేరు రాసేస్తా" అని మస్తాన్ బొమ్మ కింద పెద్ద అక్షరాలతో 'ఇది తుపాకి' అని రాశాడు.

దాంతో ఊరి భయం ఇంకో దారి పట్టింది. "అయితే నిన్నటిదాకా తుపాకులతో వస్తాండిరా ఓబులేసన్నా? చెప్పకపోతివే" అని పాత గిరాకీలు నిలదీశారు. పప్పు కొంటూ పక్కవాడి పంచె మడత వైపు ఓరగా చూడడం మొదలుపెట్టారు. సంచుల కౌంటర్లో కూర్చునే ఖాజాబీ ఒక అర ఖాళీ చేసి, తుడిచి, పాత దుప్పటి పరిచి తుపాకుల కోసం ఎదురుచూసింది. నెల గడిచింది. ఓబులేసు మొదటి రిటర్నులో 'శూన్యము' అని రాసి, ఊళ్లో శాంతిభద్రతలకు తనే కారణమైనంత సంతోషంగా సంతకం చేసి పంపాడు.

పది రోజుల్లో మెమో వచ్చింది.

'విషయము: ఆయుధ నిషేధము – నల్లరాళ్లపేట శాఖ – శూన్య నివేదిక – అసంతృప్తి వ్యక్తపరచుట – గురించి. సూచిక: మీ రిటర్ను. పై సూచికను పరిశీలించగా, మీ శాఖ యందు ఒక్క తుపాకియు ఆపబడలేదని తెలియవచ్చుచున్నది. ఆపబడలేదనగా ఆపుటకు ప్రయత్నించలేదని భావించవలసియున్నది. ప్రశాంతమునకు పేరుపొందిన డెల్టా శాఖ సైతము నాలుగు చూపగా, రాయలసీమ యందలి శాఖ శూన్యము చూపుట గణాంకశాస్త్ర రీత్యా అసంభవము. సీమ పరిస్థితులు ఈ కార్యాలయమునకు తెలియనివి కావు. మీ సర్వీసు క్రమబద్ధీకరణ ప్రతిపాదన ఈ అంశముతో జతపరచబడినది.'

సీమ పరిస్థితులు ఆ కార్యాలయానికి ఎలా తెలుసో మెమోలో రాయలేదు. అక్కడివారెవరూ కనుమలు దాటి ఇటు వచ్చినవారు కారు. కానీ అందరూ సినిమాలు చూసేవారే.

ఓబులేసు రాజధానికి ఫోన్ చేశాడు. "సార్, మా ఊర్లో తుపాకులు లేవు సార్. అందరూ శనక్కాయలు పండించుకునేటోళ్లు" అని మొరపెట్టుకున్నాడు.

"చూడు ఓబులేసూ, మీ ప్రాంతీయాభిమానాన్ని మేం అర్థం చేసుకోగలం. కానీ నిషేధం విజయవంతం కావాలంటే ఉల్లంఘన ఉండాలి కదా. ఉల్లంఘనే లేకపోతే మేం దేన్ని నిషేధించినట్టు?" అన్నాడు అవతలి సూపరింటెండెంటు. "కనీసం ఒకటి చూపించు. నీ ఫైలు నా బల్ల మీదే ఉంది."

ఆ రాత్రి సుంకులమ్మ కంచం ముందు పెట్టి అడిగింది. "ఏమంట?"

"నా మీద ఉండే 'ఇ/చా' పోవాలంటే ఊర్లోకి తుపాకి రావాలంట."

"ఊర్లో ఒక తుపాకి ఉండాది గదా. సిద్దారెడ్డి మామది. అడివిపందులకని తీసుకున్నాడే" అంది ఆమె. ఓబులేసు అన్నం వదిలేసి లేవబోతే, తిని పొమ్మని కూర్చోబెట్టింది.

సిద్దారెడ్డి కొండవాలున ఎనిమిదెకరాలు వేరుశనగ వేసే డెబ్బై ఏళ్ల రైతు. తెల్లవారి ఓబులేసు వెళ్లేసరికి, చేను చుట్టూ కట్టెలు పాతి వాటికి పాత చీరలు కట్టుకుంటున్నాడు. చీరలు గాలికి కదులుతుంటే మనుషులున్నారనుకొని పందులు లోపలికి రావు.

"తుపాకా? అది స్టేషన్లో ఉండాది అల్లుడా. రెండేండ్ల కిందట పంచాయితీ ఎలక్షన్లప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పెట్టేయమంటే పోయి పెట్టినా. తిరిగి తెచ్చుకోవాలంటే ఐదు కాగితాలు అడిగినారు. దానికంటే మా ఆడమనిషి చీరలు మేలనిపించె. వాటిని చూస్తే పందులే కాదు, నేనూ జంకుతా."

"నీకు దండం పెడతా మామా. ఒక్కసారి దాన్ని తీసుకొని మా బజారుకు రావాల."

"మీ బజారులోకి తుపాకులు రానీరని బోర్డు పెట్టినావు గదరా."

"అందుకే రమ్మంటాండా."

సిద్దారెడ్డి చేతిలో చీర వదిలేసి ఓబులేసు మొహంలోకి చూశాడు. జ్వరమేమీ కనబడలేదు. చిన్నప్పటి నుంచి చూసిన పిల్లవాడు ఇంతగా బతిమాలుతుంటే కాదనలేక తుండు భుజాన వేసుకున్నాడు.

స్టేషన్లో రైటరు హనుమంతు ముందు మరో చిక్కు వచ్చింది. అక్కడ కాగితాలు రాసేదీ దాచేదీ అతనే. "ఏం పనికి తుపాకి కావాలని రాయాల? పంట కాపాడేదానికంటే చీరలున్నాయని నువ్వే చెప్తివి. ప్రాణభయమని రాస్తే ఎవురితోనని అడుగుతారు."

"డిపాజిట్ చేసేదానికన్నా" అన్నాడు ఓబులేసు.

"యాడ?"

"మా అంగట్లో."

"అంటే, ఈడ డిపాజిట్లో ఉండేదాన్ని ఆడ డిపాజిట్ చేసేదానికి రిలీజు చేయమంటావు."

"అవునన్నా. గుమ్మం దగ్గర ఆపుతాం. లోపలికి రానీం."

హనుమంతు కలం చెవి వెనక పెట్టుకున్నాడు. మెల్లగా అతని మొహం విప్పారింది. "ఇరవై రెండేండ్లుగా ఈ కుర్చీలో ఉండా. తుపాకి అడిగినోళ్లంతా కాల్చేదానికో, భుజాన వేసుకొని తిరిగేదానికో అడిగినోళ్లే. నీ మాదిరి ఇంత శుద్ధమైన కారణం ఎవురూ చెప్పలే" అని, ఐదు కాగితాలూ తనే రాసి, తుప్పు దులిపి తుపాకి చేతికిచ్చాడు.

సిద్దారెడ్డి తుపాకితో బజారు గుమ్మం ఎక్కుతుంటే చూడడానికి వీధి వీధంతా వచ్చింది. ఓబులేసు గొంతు సవరించుకొని, "ఆగండి, తుపాకితో ప్రవేశము నిషిద్ధము" అని సర్క్యులర్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాజాబీ తుపాకిని దుప్పటి మీద పడుకోబెట్టి పదిహేడో నంబరు ఇత్తడి టోకెన్ ఇచ్చింది. సిద్దారెడ్డి లోపలికి వెళ్లి అరకిలో బెల్లం తీసుకొని, వచ్చినవాడు ఎటూ వచ్చాడు కాబట్టి చేనికి పనికొస్తాయని నాలుగు చవక చీరలు కూడా కొన్నాడు. అప్పటి నుంచి వారానికోసారి, పెద్దరికంగా ఉందని, తనంతట తానే తుపాకితో వచ్చి ఆపించుకొని పోయేవాడు.

నెలాఖరు రిటర్నులో ఓబులేసు 'ఒకటి' అని రాశాడు. ఒకటే తుపాకి నాలుగుసార్లు వచ్చినా నాలుగని రాయడానికి మనసొప్పలేదు. ఇక ఆర్డరు వస్తుందని సుంకులమ్మ గేటు మీది పలకను తడిగుడ్డతో తుడిచి పెట్టుకుంది.

ఆర్డరు రాలేదు. ఆ 'ఒకటి' చూసి రాజధానిలో గుండెలు గుభేలుమన్నాయి. శూన్యం నుంచి ఒకటంటే పెరుగుదల శాతం ఎంతో లెక్క కట్టబోయి, సెక్షన్లో ఎవరికీ తేలలేదు. ఒకటి బయటపడిందంటే లోపల వంద ఉంటాయని చిదానందరావు గారు తేల్చారు. తానే స్వయంగా వచ్చి తనిఖీ చేస్తానని కబురు పంపారు. ఆ ప్రాంతం సంగతి తెలుసు కాబట్టి, పోలీసు శాఖను అడిగి తనకు ఇద్దరు గన్‌మెన్‌ను కూడా పెట్టించుకున్నారు.

మే నెల ఎండలో, పదకొండు గంటలకు, కారు సూపర్ బజారు ముందు ఆగింది. ముందొక గన్‌మన్, వెనకొక గన్‌మన్, నడుమ చిదానందరావు గారు గుమ్మం వైపు నడిచారు. ఓబులేసు పూలదండ పట్టుకొని నిలబడి ఉన్నాడు. వేయబోతూ, గన్‌మన్ నడుముకున్న పిస్తోలు చూశాడు. పక్కన బోర్డు చూశాడు. దండ చేతిలోనే ఉండిపోయింది.

ఆ క్షణంలో ఓబులేసు పడిన యాతన పగవాడికి కూడా వద్దు. లోపలికి పోనిస్తే, తుపాకులతో వచ్చినవారిని పోనిచ్చాడని తనిఖీలో రాస్తారు. ఆపితే, జనరల్ మేనేజరును గుమ్మంలో ఆపిన మొదటి ఇన్‌చార్జి తనే అవుతాడు. ఎటు చూసినా ఆ రెండక్షరాలు ఈ జన్మకు వదిలేటట్టు లేవు. పదకొండేళ్లు నమ్ముకున్నది కాగితాన్నే కదా, ఇప్పుడూ దాన్నే నమ్ముకుందామని కళ్లు మూసుకున్నాడు.

"ఆగండి. తుపాకితో ప్రవేశము నిషిద్ధము" అన్నాడు.

చిదానందరావు గారు ఆగిపోయారు. "ఎవరయ్యా నువ్వు? ఆ రూలు రాసిందే నేను."

"అవును సార్. తొమ్మిదో క్లాజు కింద గీత గీసింది గూడా మీరే సార్."

ఆయన గన్‌మెన్ వైపు తిరిగి, తుపాకులు ఇచ్చేయమన్నారు. ముందున్న పొడుగాయన అటెన్షన్‌లో నిలబడి చెప్పాడు. "ఆయుధం ఒంటి మీంచి తీయకూడదని మా రూలు సార్. మిమ్మల్ని వదిలి పక్కకు పోకూడదని ఇంకో రూలు."

"పోనీ మీరు ఒక్కరే లోపలికి రండి సార్" అన్నాడు ఓబులేసు.

చిదానందరావు గారు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశారు. "లోపల ఎంతమంది ఉన్నారు?"

"పదారు మంది సార్. ఆడోళ్లే జాస్తి."

"వాళ్ల దగ్గర తుపాకులు లేవని గ్యారంటీ ఏమిటి?"

"బోర్డు ఉండాది గదా సార్."

చిదానందరావు గారు బోర్డు వైపు చూశారు. రాష్ట్రమంతటా అటువంటి బోర్డులు అరవై నాలుగు పెట్టించిన మనిషి. ఒక్క బోర్డును నమ్మి గుమ్మం దాటడానికి ఆయనకు కాలు ఆడలేదు. "తనిఖీ ఇక్కడి నుంచే చేస్తాను" అన్నారు.

బయట కుర్చీ వేశారు. ఒక గన్‌మన్ గొడుగు పట్టాడు. అంగడి లోపల ఉన్నదంతా ఒక్కొక్కటిగా బయటికి మోసుకొచ్చి చూపించారు. కందిపప్పు వచ్చింది, సబ్బులు వచ్చాయి, చీపుర్లు వచ్చాయి. ఆయన ప్రతిదాన్నీ అనుమానంగా చూసి తలాడించారు. తర్వాత కొనుగోలుదారులను తెమ్మన్నారు. ఆడవాళ్లు వరసలో వచ్చి సంచులు దులిపి చూపించి, ఎటూ బయటికి వచ్చాం కదా అని ఇళ్లకు వెళ్లిపోయారు. అందరికంటే వెనక సిద్దారెడ్డి వచ్చాడు. ఖాజాబీకి టోకెన్ ఇచ్చి, తుపాకి తీసుకొని భుజాన పెట్టుకున్నాడు.

చిదానందరావు గారి కుర్చీ వెనక్కి పడింది. గన్‌మెన్ ఇద్దరూ ముందుకు దూకారు.

"ఏం భయపడొద్దు సామీ. ఇది పేలి పద్నాలుగేండ్లయింది" అన్నాడు సిద్దారెడ్డి. "కావాలంటే పట్టుకొని చూడు."

కుర్చీ వెనక నుంచి చిదానందరావు గారు లేచారు. మందు లేదు, గుండు లేదు, గుండును కొట్టే ఘోడా ఊడి సుతిలి తాడుతో కట్టి ఉంది. ఇన్నాళ్లు వెండితెర మీదే చూసిన సీమ తుపాకి చేతికొచ్చేసరికి ఆయన మొహం పండగలా వెలిగిపోయింది. దాన్ని పట్టుకొని బోర్డు పక్కన నిలబడి, సమాఖ్య పత్రికకని అటు నుంచి రెండు, ఇటు నుంచి రెండు ఫొటోలు తీయించుకున్నారు. పోతూ పోతూ ఓబులేసు భుజం తట్టి, "నీ సంగతి చూస్తాను" అన్నారు. ఏ అర్థంలో అన్నారో తెలియక ఓబులేసు రెండు వారాలు నిద్రపోలేదు.

ఆ రోజు రిజిస్టరులో మాత్రం నిజమే రాశాడు. 'ఆపబడిన తుపాకులు: మూడు. అందు రెండు జనరల్ మేనేజరు వారితో వచ్చినవి.' రాజధానిలో తయారైన తనిఖీ నివేదికలో ఆ రెండో వాక్యం చోటు చాలక పోయింది. 'ఒక్క మాసములో సాయుధ ప్రవేశ యత్నములు మూడింతలు పెరిగినవి. శాఖాధికారి ప్రాణములకు తెగించి, స్థాయీభేదము పాటించక అడ్డుకొన్నాడు. ఈ దృశ్యమును క్రింద సంతకము చేసినవారు కళ్లారా చూచినారు' అని అచ్చయింది.

జూన్ పదిన ఆర్డరు వచ్చింది. ఓబులేసు చదవలేక సుంకులమ్మ చేతికిచ్చాడు. ఆమె అరుగు మీద కూర్చొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. 'శ్రీ సి. ఓబులేసు గారిని నూతనముగా సృష్టించబడిన ఆయుధ భద్రతాధికారి పోస్టునందు శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది.'

"శాశ్వతమంట" అంది. పదకొండేళ్లు నవ్వుతూ వేళాకోళం చేసిన మనిషి కొంగుతో కళ్లొత్తుకుంటుంటే, ఓబులేసుకు ఏం చేయాలో తెలియక ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆమె మిగతాది చదివింది. 'తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు, సూపర్ బజారు మేనేజరు బాధ్యతలను సైతము వీరే ఇన్‌చార్జిగా నిర్వహించవలెను.'

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది సుంకులమ్మే.

ఆ సాయంత్రమే మస్తాన్ పాత పలక దించి, కొత్తది రాసి తెచ్చాడు. 'సి. ఓబులేసు, ఆయుధ భద్రతాధికారి (పర్మనెంటు), మేనేజరు (ఇ/చా)'. హోదా పెద్దది కావడంతో పలక నిండిపోయింది. అభిమానం కొద్దీ మూలన చిన్న తుపాకి బొమ్మ కూడా గీశాడు కానీ, కింద పేరు రాయడానికి చోటు మిగల్లేదు.

మర్నాడు పొద్దున ఓబులేసు గేటు దగ్గర నిలబడి పలకను చూసుకొని మురిసిపోతున్నాడు. ఖాళీ బిందె చంకన పెట్టుకొని పోతున్న ఒక పెద్దామె ఆగింది. బొమ్మ చూసింది. పర్మనెంటు అన్న మాట కూడబలుక్కొని, ఆయన వైపు మర్యాదగా తిరిగింది.

"సారూ, మా వీధికి నీళ్లెప్పుడిడుస్తారు?"

అది కొళాయి కాదు తుపాకి అని చెప్పడానికి ఓబులేసు నోరు తెరిచాడు. ఆమె కళ్లలోని మర్యాద చూసి ఆగిపోయాడు. పదకొండేళ్లలో ఆయనను ఎవరూ అలా చూడలేదు. చొక్కా సవరించుకున్నాడు.

"విషయం మా పరిశీలనలో ఉంది" అన్నాడు.